రామములగను చెర్రీ అన్నవాళ్ళు

ఈ సంగతి నేను చెప్పడం ఇది మొదటిసారి కాదు. మా వీధిలో చెప్పాను. వీధి వాట్సాప్ గ్రూపులో చెప్పాను. పెళ్ళి భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాను. మా బావమరిదికి ఫోనులో చెబితే, సగంలో ఉండగా సిగ్నలు పోయిందన్నాడు. విన్నవాడు ఒక్కడూ లేడు. విన్నట్టు తల ఊపినవాళ్ళు మాత్రం బోలెడుమంది. మా కోనసీమలో ఆ మర్యాదకి లోటు లేదు. "ఆయ్" అంటారు. "అంతేకదండీ మరి" అంటారు. ఆ వెంటనే "కాఫీ పుచ్చుకుంటారా" అంటారు. కాఫీ వచ్చిందంటే ఇక మన గోడు తీరిపోయినట్టే. అందుకే రాయడానికి కూర్చున్నాను. కాగితం మీద ఉన్నదానికి కాఫీ పోసి పంపించెయ్యడం కుదరదు.

గొడవ టమాటా మొక్కల గురించి. నవ్వాలనుకున్నవాళ్ళు ఇక్కడే నవ్వేసి వెళ్ళిపోవచ్చు. వాళ్ళు కొనుక్కునే టమాటాలు వాళ్ళకి చాలు. లారీలో ఎక్కడినుంచో దొర్లుకుంటూ వచ్చి, బజార్లో గుట్టగా పడి, ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే వారం తరవాత కూడా పెళ్ళికొడుకులా నిగనిగలాడే టమాటాలు. కింద పడితే బంతిలా ఎగురుతాయి. కోస్తే లోపల నీళ్ళుంటాయి. వాటిని కూరలో వేసి, పైన చింతపండు పిసికి, మళ్ళీ టమాటా కూర అని పేరు పెట్టుకుంటారు.

మాది కొత్తపేట దగ్గర ఊరు. బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంటి వెనక పెరడు ఉంది. పెరటి నిండా కొబ్బరి చెట్లున్నాయి, అంటే ఎండ లేదన్నమాట. బస్సులో కిటికీ పక్కన కూర్చుని అబ్బా ఎంత పచ్చదనం అని ఫోటోలు తీసుకునే పైఊరివాళ్ళకి ఈ సంగతి తెలియదు. ఆ పచ్చదనం కింద కంద, పసుపు, పోకచెట్టు బతుకుతాయి కానీ టమాటా, మిరప బతకవు. వాటికి ఎండ కావాలి. మా పెరట్లో ఒకప్పుడు పశువుల పాక ఉన్నచోట మాత్రం ఒక చాపంత మేర ఎండ పడుతుంది. ఆ చాపంత నేలలోనే మా అమ్మ రామములగ వేసేది.

మా అమ్మ టమాటా అనలేదు ఎప్పుడూ. రామములగ అనేది, రామములక్కాయ అనేది. ఇప్పుడు ఆ మాట వాడితే కూరల దుకాణం కుర్రాడు మునక్కాడలు తీసి చూపిస్తాడు. మా అమ్మ కాయించినవి పెద్ద ఉసిరికాయంత ఉండేవి. ఒంటిమీద తొనలు తొనలుగా గాట్లు, కాగితమంత తోలు, నోట్లో వేసుకుంటే ఒక కన్ను దానంతట అదే మూసుకుపోయే పులుపు. చిన్న చేపల పులుసులో మా ఇంట్లో చింతపండు వేసేవాళ్ళం కాదు. ఇవే గుప్పెడు చిదిమి వేసేది. పక్కన మిరప, అదీ గోదావరి లంకల్లో వేసే పొట్టి రకం. ఈ రెండూ ఒకే మడిలో ఉండాలని ఆవిడ పట్టు.

విత్తనం తీసే పద్ధతి కూడా ఆవిడదే. కాయ చెట్టుమీదే పండి, తోలు దానంతట అది పగిలేదాకా ముట్టుకోనిచ్చేది కాదు. పగిలాక కోసి, గింజల్ని బూడిదలో పులిమి, కొబ్బరి చిప్పలో ఆరబెట్టి, పాత ధోవతి ముక్కలో మూట కట్టి వంటింట్లో పొయ్యి పైన వేలాడదీసేది. పొగ తగిలితే పురుగు పట్టదు. ఆవిడ పోయాక ఆ పని నేను చేశాను. గ్యాసు పొయ్యికి పొగ లేదు కాబట్టి నీళ్ళు కాచుకునే కట్టెల పొయ్యి పైన కట్టాను. మా ఆవిడ నవ్వింది. మా ఆవిడ చాలా విషయాలకి నవ్వుతుంది.

ముందటేడు కార్తీకంలో ముసురు పట్టి పెరట్లో నీళ్ళు నిలిచిపోయాయి. మురుగు పోయే బోదె మీద ఎవరో మెట్లు కట్టుకున్నారు. ఎవరో అంటున్నానుగానీ ఎవరో నాకు తెలుసు, వాళ్ళ సంగతి వేరే రాస్తాను. మొక్కలన్నీ కాయ పండకముందే పసుపెక్కి పడిపోయాయి. విత్తనం దక్కలేదు. మూటలో అంతకుముందటి ఏడాది గింజలు కాసిని మిగిలాయి. పాతబడిన గింజలు, ఎన్ని మొలుస్తాయో తెలియదు. ఇంకో ఏడాది ఉంచితే ఏవీ మొలవవు. అందుకని మొన్న దసరా వెళ్ళాక ఉన్నవన్నీ పోసేశాను. అంట్లు తోమే టబ్బు ఒకటి పగిలిపోతే దాన్నిండా ఎరువు కలిపిన మట్టి నింపి, ఒకవైపు రామములగ, ఒకవైపు మిరప. దేవుడి దయ, రెండూ మొలిచాయి. పాక చోటికి ఎండ మధ్యాహ్నానికిగానీ రాదు, లేత నారుకి పొద్దుటెండ కావాలి. పొద్దున్నే ఎండ తగిలే చోటు ప్రహరీ గోడ ఒకటే కాబట్టి, నారు జానెడు ఎత్తు అయ్యేదాకా ఉంచుదామని ఆ టబ్బు తీసుకెళ్ళి గోడ మీద పెట్టాను.

గోడకి అవతల టీచరు గారి ఇల్లు. ఆవిడ బడిలో పిల్లలకి సైన్సు చెబుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోవాలి. ఆవిడ భర్త చాలా ఏళ్ళు కువైట్లో ఉండి వచ్చాడు. వచ్చి డాబా మీద డాబా వేసి, దాని చుట్టూ స్టీలు రైలింగు పెట్టి, సాయంత్రాలు ఆ రైలింగు పట్టుకుని నిలబడి ఊరిని చూస్తూ ఉంటాడు, ఓడమీద కెప్టెన్‌లాగ. నన్ను బాబాయి గారంటారు ఇద్దరూ. చుట్టరికం ఏమీ లేదు.

వీళ్ళకి రెండేళ్ళ క్రితం తోట పిచ్చి పట్టింది. నేలలో వేస్తే మట్టి అంటుకుంటుందని కాబోలు, సంచుల్లో వేశారు. సంచుల్లోకి కొబ్బరి పొట్టు కావాలని ఫోనులో ఆర్డరు పెట్టారు. ఎక్కడో తమిళ దేశంలో ఇటుకలా నొక్కి, ప్లాస్టిక్ కాగితం చుట్టి పంపిన కొబ్బరి పొట్టు! మా ఊరి రోడ్డుకి రెండువైపులా పీచు మిల్లుల పొట్టు కొండల్లా పడి ఉంటుంది. గాలి వేస్తే కళ్ళలో పడుతుంది. దాన్ని తీసుకుపోయేవాడు లేక మిల్లువాళ్ళు తగలబెడతారు. కోనసీమలో పుట్టి కొబ్బరి పొట్టు పార్సిల్లో తెప్పించుకున్న మనుషులు వీళ్ళు. ఆ పార్సిలు తెచ్చిన కుర్రాడు కూడా ఆ పొట్టు గుట్టల పక్కనుంచే బండి నడుపుకుంటూ వచ్చాడు. వాడికీ నవ్వు రాలేదు. నవ్వడం తెలిసినవాళ్ళు తగ్గిపోయారు.

ఆ సంచుల్లో బెంగుళూరు మిరప వేశారు, ఎర్రదీ పసుపుదీ. శీతాకాలం అంతా నీళ్ళు పోసీ, ఏవేవో సీసాలు పిచికారీ చేసీ చివరికి నిమ్మకాయంత కాయలు రెండు కాయించారు. ఆ రెండింటినీ అరచేతిలో పెట్టుకుని టీచరు గారు ఫోటో దిగింది. మిగతా మొక్కలకి బొబ్బర తెగులు వచ్చి ఆకులు ముడుచుకుపోయాయి. వచ్చి నన్ను అడిగితే చెప్పేవాణ్ణి. ఫోనుని అడిగారు.

నారు గోడమీద పెట్టిన వారంలో నాకు కంటికి శుక్లం ఆపరేషన్ అని రాజమండ్రి వెళ్ళాల్సి వచ్చింది. మా ఆవిడా నాతో వచ్చింది. నారుకి నీళ్ళు పొయ్యమని ఎవరికీ చెప్పలేదు. మంచు పడుతోంది, తడి ఆరదు, నాలుగు రోజులు ఆగుతుంది అనుకున్నాను. కంటికి నల్లద్దాలు పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి టబ్బు గోడమీదే ఉంది. మట్టి లేదు, నారు లేదు. సబ్బు పెట్టి తోమి, బోర్లించి, ఆరబెట్టి, తిరగేసి, అందులో చక్రకేళీ అరటిపళ్ళ అత్తం ఒకటి పెట్టారు. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, అదీ వాళ్ళ పద్ధతి. నా టబ్బు పుట్టాక అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

"చూసేరా, ఎంత మర్యాదస్తురాలో," అని మా ఆవిడ ఆ పళ్ళు లోపలికి పట్టుకెళ్ళింది.

మర్నాడు పొద్దున్న గోడ దగ్గర నిలబడి టీచరు గారిని పిలిచి నారు ఏమైందని అడిగాను. ఆవిడ తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, మొహం నిండా సంతోషంతో వచ్చింది.

"మా పెరట్లో నేలలోనే నాటేసేనండి బాబాయి గారు. అన్నీ బతికేయండి. మీరు చెప్పకుండా గోడమీద పెట్టి వెళ్ళిపోతే నాకు అర్థమైపోయిందండి."

"ఏం అర్థమైందమ్మా?"

"మిరప నారు చేతికివ్వకూడదు కదండీ, తగువులొస్తాయని. మా అమ్మమ్మ కూడా అలాగే గట్టుమీద పెట్టి పక్కకి తప్పుకునేదండి. ఈ రోజుల్లో ఇంత పద్ధతి ఎవరు పాటిస్తున్నారండీ? మా ఆయనతో కూడా అన్నానండి, బాబాయి గారంటే బాబాయి గారే అని."

మా వైపు ఈ ఆచారం ఉన్నమాట నిజమే. ఉప్పు, మిరపకాయలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి నేరుగా ఇవ్వరు. ఒకరు కింద పెడతారు, రెండోవారు తీసుకుంటారు. చేతికిస్తే ఆ ఇద్దరికీ పడదని చాదస్తం. దుకాణంలో మిరపకాయల పొట్లాం కూడా బల్లమీద పెట్టి తొయ్యమనే ముసలమ్మలు ఉండేవారు. అంతవరకు సరే. కానీ గోడమీద మిరప నారు కనబడితే అది తనకోసమే పెట్టారనుకోవడానికి ఎంత నమ్మకం కావాలి మనిషికి, తన మీద తనకి? రేపు మా ఆవిడ గోడమీద చీర ఆరేస్తే అదీ సారె పెట్టారనుకుంటుందా? అందులో ఉన్నది మిరప ఒకటే కాదు, సగం రామములగ. దానికి ఏ ఆచారమూ లేదు. ఈవిడ సైన్సు టీచరు. మొక్కలకి ఎండ కావాలని పిల్లల చేత వల్లె వేయిస్తుంది. ఎండకోసం పెట్టిన మొక్కని చూసి ఆవిడకి అమ్మమ్మ గుర్తొచ్చింది.

ఎండకోసం పెట్టాను తల్లీ, మీకోసం కాదు అని చెప్పాను. ఆవిడ మొహం ఒక్క క్షణం మారింది. మళ్ళీ సర్దుకుంది.

"అయ్యో, ఎండకాండి? మరి ఇప్పుడు పీకితే చచ్చిపోతాయి కదండీ. ఎక్కడుంటే ఏవుందండి బాబాయి గారు, మీ మొక్కలే కదా."

మీ మొక్కలే కదా. ఈ మాట ఆవిడ నోటితో అన్నది. ఆ గోడా, ఆ కుళాయీ, దొడ్డి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడా సాక్ష్యం. కన్ను మానేదాకా వంగకూడదు, మట్టి ముట్టుకోకూడదు అన్నారు డాక్టరు. సరే, అక్కడే పెరగనీ, నాకు కావలసింది విత్తనమే కదా, రెండు కాయలు పండితే చాలు, అనుకున్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని శీతాకాలం అంతా ఓపిక పట్టాను. నన్ను మొండివాడంటారు మా ఊళ్ళో. మొండివాడికి ఉన్నంత ఓపిక ఎవరికీ ఉండదని వాళ్ళకి తెలియదు.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కుడి కన్ను మూసుకుపోయింది, ఆపరేషన్ అయిన కన్ను.  మా అమ్మ పోయాక నా చేత్తో నేను కాయించిన పులుపు అది. ఎక్కడున్నా గుర్తుపడతాను.

"ఇవెక్కడివి?" అన్నాను.

"పక్కింటి అమ్మాయి ఇచ్చింది. వాళ్ళవి చెర్రీ టమాటాలట. పుల్లగా బావున్నాయి కదా?"

"ఇంకా ఉన్నాయా?"

"అన్నీ వేసేసేను. అయినా అన్నీ పచ్చివే, ఏం చేసుకుంటారు?"

చెర్రీ టమాటాలట! మా అమ్మ చెయ్యి తడిపి పెంచిన విత్తనం, ఈ పెరట్లో నాకు తెలిసినప్పటినుంచీ ఉన్న విత్తనం, గోడ దాటేసరికి దానికి దొరల పేరొచ్చింది. చెర్రీ పండు ఈ వీధిలో కళ్ళతో చూసినవాళ్ళు లేరు. బేకరీలో కేకుమీద పెట్టే ఎర్ర ముక్క ఒకటే తెలుసు, అదీ వాక్కాయకి రంగూ పంచదారా పట్టించినదే. దాని పేరు పెట్టారు రామములగకి.

ఆ వారమే వీధి గ్రూపులో వీడియో వచ్చింది. భర్త ఫోను పట్టుకున్నాడు, ఆవిడ మొక్కల మధ్య నడుస్తోంది. వెనక ఏదో వేణువు. ఇవి మా చెర్రీ టమాటాలండి, పూర్తిగా ఆర్గానిక్ అండి, ఇవి మా మిర్చి అండి, అని ఒక్కొక్క మొక్క ఆకుని వేలితో నిమురుతూ చెప్పింది. మీ మొక్కలే కదా అన్న నోరే అది. ఆ 'మీ' కాస్తా 'మా' అయిపోయింది. కింద బొటనవేళ్ళు, చప్పట్లు, పువ్వులు వరసగా పడ్డాయి. విత్తనం ఎక్కడ దొరికిందండీ అని మా వీధి చివర మందుల షాపాయన అడిగాడు. నేను ఫోను పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. "ప్రకృతి ఇచ్చిందండి" అని రాసింది. నేను ప్రకృతినన్నమాట.

అప్పుడు నేను గ్రూపులో రాశాను. అది చెర్రీ కాదు, రామములగ. ఆ నారు నాది. విత్తనం మా అమ్మగారిది. ఎండకి పెట్టిన టబ్బులోంచి పొరపాటున తీసుకున్నారు. తీసుకున్నందుకు నాకు బాధ లేదు, విత్తనం ఎవరిదో చెబితే చాలు. ఇంతే. దురుసు మాట ఒక్కటి లేదు. అందరూ చదివినట్టు నీలం గీతలు పడ్డాయి.  ఆ తరవాత ఎవరో అయ్యప్ప స్వామి ఫోటో పెట్టారు. దాని కింద ఇంకెవరో ఎవరి కోడి తప్పిపోయిందో అడిగారు. కోడికి జవాబు వచ్చింది.

నాకు పేరు అక్కర్లేదు. ఈ మాట ఎంతమందికి చెప్పినా నమ్మరు, ముసలాయన పేరుకోసం కొట్టుకుంటున్నాడంటారు. నాకు కావలసింది విత్తనం. వాళ్ళ పెరట్లో ఉన్నవి తప్ప ఆ రకం మొక్క ఇంకెక్కడా లేదు. మా బావమరిదికి ఒకప్పుడు ఇచ్చాను. వాడు కుండీలో వేసి, నీళ్ళు పొయ్యడం మరిచి, హైబ్రిడ్ నయం అన్నాడు. మా మేనత్త గారింట్లో ఉండేవి, వాళ్ళు పెరడు చేపల చెరువుకి కలిపేశారు. చుట్టుపక్కల అడగని ఇల్లు లేదు. ఈ ఏడాది అక్కడ కాయ పండి పగిలితే విత్తనం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

పండనిస్తే కదా! ఉడతలు కొరుకుతాయని, పికిలిపిట్టలు పొడుస్తాయని ఆవిడ పచ్చిగా ఉండగానే కోసేస్తుంది. కోసి వీధంతా పంచుతుంది. దాతృత్వం! మా ఇంటికీ ఇంకోసారి వచ్చాయి. ఈసారి మా ఆవిడ చేతికి దొరక్కముందే తీసుకుని బియ్యం డబ్బాలో దాచాను. రంగు వచ్చింది. కోసి చూస్తే గింజలన్నీ తాలు, గోరుతో నొక్కితే మెత్తగా అణిగిపోయాయి. చెట్టున పగలని కాయలో విత్తనం ఉండదని మా అమ్మ ఊరికే అనలేదు.

మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళాను. ఈసారి మర్యాదగా, ఏ పాత మాటా ఎత్తకుండా, ఒక్క గుత్తి కొయ్యకుండా ఉంచమ్మా, పగిలాక నాకియ్యి అని అడిగాను. "ఆయ్, అలాగేనండి బాబాయి గారు, దానికేముందండి," అంది. ఆ గుత్తికి గుర్తుగా ఎర్ర దారం కూడా కట్టించాను, ఆవిడ చేతే. నాలుగు రోజులు పోయాక చూస్తే దారం ఉంది, కాయలు లేవు. అడిగితే, మా ఆడపడుచు వచ్చిందండి, కొత్తిమీర వేసి పచ్చడి చేసేనండి, ఇంకో గుత్తి ఉంచుతానండి, ఆయ్, అంది.

ఈ ఆయ్ అనే మాట గురించి పైఊళ్ళవాళ్ళు ముచ్చటపడతారు. ఎంత తియ్యగా అంటారండీ మీ వైపు అంటారు. వాళ్ళకేం తెలుసు. డిపోలో పనిచేసినన్నాళ్ళూ విన్నాను. బస్సు ఎందుకు ఆలస్యమైందయ్యా అంటే ఆయ్. రేపైనా వేళకి తీస్తావా అంటే ఆయ్. ఒప్పుకున్నట్టూ ఉంటుంది, వినిపించుకోనట్టూ ఉంటుంది, మీరు కాస్త తప్పుకుంటే మా పని మేము చూసుకుంటామన్నట్టూ ఉంటుంది. తిట్టినవాడితో పోట్లాడవచ్చు. ఆయ్ అన్నవాడితో ఏం చేస్తాం?

ఆవిడతో కాదని భర్తని పట్టుకున్నాను. పాలకేంద్రం దగ్గర కనబడితే సంగతంతా మొదటినుంచీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. కువైట్లో ఎవరి మాటైనా అంత శ్రద్ధగానే వినేవాడేమో, జీతం కోసం. అంతా విని, భుజం మీద చెయ్యి వేశాడు.

"దీనికింత బాధెందుకండి బాబాయి గారు? మంచి కంపెనీ విత్తనాలు తెప్పిస్తానండి మీకు. అందులో పన్నెండు రంగులుంటాయండి. ఊదా రంగు టమాటా కూడా ఉందండి."

"నాకు ఊదా రంగెందుకు బాబూ? మా అమ్మ విత్తనం కావాలి."

"పాత రకాలకి దిగుబడి ఉండదండి," అన్నాడు. సంచిలో బెంగుళూరు మిరప రెండు కాయించిన మనిషి నాకు దిగుబడి చెబుతున్నాడు. "అయినా ఇంక ఆ తోట ఉండదు కదండీ. కారు తీసుకుంటున్నామండి. వెనకాల పెరడంతా టైల్స్ వేయించేస్తున్నాం, పార్కింగుకి. మొక్కలంటే పైన మేడమీద సంచుల్లో వేసుకుంటుందండి తను."

అలా తెలిసింది నాకు. పాల గిన్నె పట్టుకుని, పదిమందిలో నిలబడి.

ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ ఈసారి నవ్వలేదు. ఓ మధ్యాహ్నం వాళ్ళు బడికీ బజారుకీ వెళ్ళినప్పుడు తను గేటు తీసుకుని వెళ్ళి ఓ మొక్క వేళ్ళతో సహా తెచ్చేస్తానంది. పైగా దొంగతనంగా తెచ్చిన మొక్క బాగా బతుకుతుందట. ఇంకో చాదస్తం. నా మొక్క నేను దొంగిలించుకోవాలా? ఈ ఊళ్ళో నా పేరు మీద ఎన్ని అన్నా అన్నారుగానీ, దొంగ అని ఎవరూ అనలేదు. ఆ మొక్కని పీకితే అది ఎప్పటికీ వాళ్ళదే అయిపోతుంది. దొంగతనం చేసేది పరాయి సొత్తే కదా. అలా అని మా ఆవిడతో అంటే, మీకు విత్తనం కావాలా న్యాయం కావాలా అని అడిగింది. రెండూ కావాలి. రెండూ ఒకే కాయలో ఉన్నాయి, నేనేం చెయ్యను?

వేసవికి కాలువలు కట్టేసే రోజులు దగ్గరికొచ్చాయి. ఎండ ముదిరింది. మిరపలు వాళ్ళే పీకేశారు, కాపు అయిపోయిందని. ఆ విత్తనం లంకల్లో ఇప్పటికీ దొరుకుతుంది, పోనీ. రామములగల్లో కూడా చాలావరకు ఎండిపోయాయి. నిన్న టైల్స్ బండి వచ్చి అట్టపెట్టెలు దింపింది. మేస్త్రీ నేల చదును చెయ్యడానికి మనుషుల్ని తెస్తానని వాళ్ళ గుమ్మంలో నిలబడి పెద్ద గొంతుతో చెప్పి వెళ్ళాడు. ఇవాళ పొద్దున్న మా దొడ్డి మెట్టుమీదనుంచి చూశాను. కన్ను బాగానే కనబడుతోంది ఇప్పుడు, ఆ డాక్టరుకి పుణ్యం ఉంటుంది. కుళాయి తడి తగిలేచోట ఒక్క మొక్క పచ్చగా ఉంది. దాని అడుగున, ఆకుల చాటున ఆవిడ కంట పడకుండా తప్పించుకున్న గుత్తి ఒకటుంది. దోరకి తిరిగింది. వారం ఆగితే పండుతుంది. ఇంకో నాలుగు రోజులు ఆగితే పగులుతుంది.

మేడమీదనుంచి ఆయన నన్ను చూశాడు. చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. కిందికి రమ్మని సైగ చేసి, ఆ గుత్తి చూపించి, దీన్నొక్కదాన్ని వదిలి మిగతా నేలంతా చదును చేసుకోండి, పండాక ఆ మూలా వేసుకోండి అని అడిగాను. తనని అడిగి చెబుతానండి అన్నాడు. మధ్యాహ్నం ఆవిడని అడిగితే ఆయన్ని అడిగి చెబుతానంది. ఒకే ఇంట్లో ఉండి ఒకరినొకరు అడుక్కోవడానికి వీళ్ళకి ఇంకా తీరిక దొరకలేదు.

టీచరు గారూ, ఇది మీకే రాస్తున్నాను. ఈ కాగితం చేతులు మారుతుంది, మందుల షాపాయన చదువుతాడు, పాలకేంద్రం దగ్గర నలుగురూ చదువుతారు, చదివి మీకు చెబుతారు. చెర్రీ అనుకోండి, ప్రకృతి ఇచ్చిందనుకోండి, వీడియోలు తీసుకోండి, నాకు పట్టదు. కుళాయి దగ్గర ఉన్న ఆ మొక్క ఎవరి విత్తనం? మేస్త్రీ పార పట్టుకుని వచ్చేలోగా దాని చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టి ఆపుతారా, ఆపరా? మీ ఆయన్ని అడగక్కర్లేదు, మీరు చెప్పండి. రేపు పొద్దున్న మీరు బడికి బయల్దేరే వేళకి నేను మీ గేటు ముందు నిలబడి ఉంటాను. నాకు జవాబు కావాలి.